గోడ మీద గొడవ

మాదన్నపేట కూరగాయల మార్కెట్ దారి గురించి మాట్లాడదామని బస్తీవాళ్లు కూర్చుంటే, చెప్పిందే చెప్పడం మొదలవుతుంది. "బండ్లు తీసేయాలె" అని ఒకాయన. "తీసేస్తే మా పొట్టలెట్ల నిండాలె?" అని బండి పెట్టుకునే ఒకామె. అలాంటి చోట నేను గోడకు పెద్ద కాగితం అంటించి, మాటలను పటంగా గీస్తాను.

వెర్నర్ కున్జ్, హోర్స్ట్ రిటెల్ 1970లో రూపొందించిన 'ఐబిస్' అనే పద్ధతి ఈ పటానికి మూలం. నగర ప్రణాళికల్లో అసలు సమస్య ఏమిటన్న దగ్గరే పేచీ ఉంటుందని రిటెల్, మెల్విన్ వెబర్ 1973లో వివరించారు. తర్వాత జెఫ్ కాంక్లిన్ ఐబిస్‌ను సమావేశం జరుగుతుండగానే గీసే విద్యగా మలిచి, 'డైలాగ్ మ్యాపింగ్' అన్నాడు. సరంజామా తక్కువే: ప్రశ్న, దానికో ఆలోచన, ఆ ఆలోచనకు ప్లస్సులు, మైనస్సులు.

"బండ్లు తీసేయాలె" అన్నది ఆలోచన. మరి ఏ ప్రశ్నకది జవాబు? అడిగితే ఆయన కాసేపాగి, "పొద్దున అంబులెన్స్ వస్తే ఎట్ల పోవాలె?" అన్నాడు. దాన్ని పైన రాశాను. అంతే, బండ్లు ఒకవైపే పెడితే? సరుకు తెల్లారకముందే దింపితే? అని కొత్త జవాబులు వచ్చాయి. బండి ఆమె గోడ దగ్గరకొచ్చి తన మాట చదివించుకుంది. "పొట్ట గాదు, గిరాకీ అని రాయి అన్నా. లోపలి గల్లీకి పంపితే నా దగ్గరికెవరొస్తరు?" అంది. అసలు చిక్కు అప్పుడు తేలింది. తన మాట గోడకెక్కిందని చూసుకున్న మనిషి మళ్లీ అరవడు, ముందుకు ఆలోచిస్తాడు. అందుకే ఎవరి మాట వాళ్ల నోటిదిగానే రాయాలి, ఉర్దూలో చెబితే ఉర్దూలోనే.

ఇలా అందరి ముందూ పటం గీయడం మన నేలకు పరాయిదేం కాదు. వాటర్‌షెడ్ పనులప్పుడు పల్లెల్లో ముగ్గుపిండితో నేల మీదే ఊరి పటం వేశారు. చదువురానివాళ్లు కూడా బావి ఎక్కడో, బీడు ఎక్కడో వేలు పెట్టి చూపించారు. అక్కడ నేల కనిపించింది, ఇక్కడ కారణాలు కనిపిస్తాయి.

పటం నిర్ణయం చేయదు, చేయాల్సింది జనమే. అందుకే ముందే తీర్మానం రాసుకొచ్చిన సమావేశంలో నేను గీయను, అది జనాన్ని మోసగించడమే.

మీ బస్తీ మీటింగులోనూ ఒక గోడ ఖాళీగా ఉంచండి. ఎవరు పరిష్కారం చెప్పినా, అది ఏ ప్రశ్నకు జవాబో వాళ్లనే అడిగి, ముందు ఆ ప్రశ్న రాయండి.