నక్షత్రాలు చూసే తొండ: పెంపకం పుస్తకాలు చెప్పని సంగతి

కంచెమీద కూర్చుని తల ఊపే తొండను మీరు చూసే ఉంటారు. దానికి ఆస్ట్రేలియాలో ఒక దాయాది ఉంది. కోపం వస్తే గొంతు కింది ముళ్ళ పొలుసులను ఉబ్బించి నల్లగా మార్చుకుంటుంది. అందుకే దాన్ని 'బియర్డెడ్ డ్రాగన్' అన్నారు. మన భాషలో గడ్డం తొండ అనుకుందాం. శాస్త్రీయనామం పోగొనా విటిసెప్స్. మన తొండా, అదీ అగామిడే కుటుంబానికే చెందినవి. స్వదేశపు సరీసృపాలను వ్యాపారానికి ఎగుమతి చేయడాన్ని ఆస్ట్రేలియా నిషేధించినా, అమెరికా, యూరప్ ఇళ్ళలో ఇవాళ ఇది మామూలు పెంపుడు జంతువు. పెంచేవారి కోసం చేతిపుస్తకాలూ చాలా వచ్చాయి. మేత, వేడి, వెలుతురు గురించి అవి శ్రద్ధగానే చెబుతాయి. వైరస్ జబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తడబడతాయి. నా ఫిర్యాదు దాని గురించే.

మొదటి చిక్కు పేర్లలో ఉంది. 'స్టార్ గేజింగ్' అన్న మాటను నక్షత్ర వీక్షణం అని అనువదిస్తే వినడానికి బాగుంటుంది. కాని ఆ తొండ నక్షత్రాలను చూడటం లేదు. నాడీవ్యవస్థ దెబ్బతిని మెడ వెనక్కి విరుచుకుపోయింది. 'వేస్టింగ్ డిసీజ్' అన్నది మరో పేరు. పిల్ల తొండ ఎదగక చిక్కి శల్యమవుతుందని దాని అర్థం. ఇవి లక్షణాల పేర్లే కాని జబ్బు పేర్లు కావు. ప్రేగుల్లో కాక్సిడియా పరాన్నజీవులు పెరిగినా పిల్ల చిక్కిపోతుంది. కాల్షియం, అతినీలలోహిత కాంతి చాలకపోయినా వణుకు, నీరసం వస్తాయి. ఈ తేడా చెప్పకుండా అన్నిటినీ అడెనోవైరస్ ఖాతాలో రాస్తే, నయం చేయగల జబ్బు కూడా చెయ్యి దాటిపోతుంది.

ఇంతకీ ఏమిటీ వైరస్? గడ్డం తొండ కాలేయంలో అడెనోవైరస్ కనిపించిన సంగతి 1982లోనే న్యూజీలాండ్ పశువైద్య పత్రికలో వచ్చింది. ఇది ముఖ్యంగా కాలేయం, ప్రేగుల కణకేంద్రకాలలో చేరి వృద్ధి చెందుతుంది. విసర్జనతో బయటపడి, మేత ద్వారానో నీటి ద్వారానో మరో తొండ నోటికి చేరుతుంది. ఎక్కువగా దెబ్బతినేవి పిల్లలే. మేత మానేస్తాయి, నీరసిస్తాయి, విరేచనాలవుతాయి. ఒక్కోసారి ఏ సూచనా లేకుండానే చనిపోతాయి. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. వెచ్చగా ఉంచి, నీరు, ఆహారం పట్టించి, తోడున్న ఇతర జబ్బులకు చికిత్స చేయడమే మార్గం.

అసలు లోపం ఇక్కడుంది. ఈ పుస్తకాలు వైరస్‌ను ఉంది, లేదు అన్న రెండు గళ్ళలో ఇరికిస్తాయి. వైరస్ ఉన్న పెద్ద తొండలు చాలా వరకు ఆరోగ్యంగానే కనిపిస్తాయి, ఆ స్థితిలోనూ వైరస్‌ను బయటికి వదులుతుంటాయి. పి.సి.ఆర్. పరీక్ష పట్టుకునేది వైరస్ జన్యుపదార్థాన్ని. జబ్బు దానివల్లే వచ్చిందని ఆ పరీక్ష చెప్పదు. కాలేయ కణజాలాన్ని కూడా సూక్ష్మదర్శిని కింద చూడాలి. తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు, 'వైరస్ ఉంది' అన్న ఫలితం ముదిరి 'ఇక బతకదు' అన్న తీర్పయి కూర్చుంటోంది. ఆ తీర్పును నమ్మితే, ఏళ్ళ తరబడి బతకగల జంతువును చేతులారా చంపించుకుంటాం. రెండో తప్పు దీనికి ఎదురుది. వైరస్ ఎల్లప్పుడూ బయటికి రాదు. కాబట్టి ఒకసారి 'లేదు' అని వచ్చినంత మాత్రాన కొత్త తొండను పిల్లల మధ్య వదిలితే, పోయేవి ఆ పిల్లలే.

'పెట్టెను శుభ్రంగా ఉంచండి' అన్న సలహా మంచిదే. కాని దేనితో? అడెనోవైరస్‌కు కొవ్వు పొర ఉండదు. అందుచేత స్పిరిట్‌తో తుడిస్తే సరిగా చావదు. ముందు మలినం కడిగేసి, ఆ తర్వాత బ్లీచింగ్ ద్రావణం కొంతసేపు ఉంచి తుడవాలి. ఈ ఒక్క వాక్యం కలపడానికి ఎంత చోటు కావాలి?

ఎక్కడివాళ్ళ సరదా గురించో మనకెందుకని మీరు అడగవచ్చు. 2004లో బల్లి జాతులలోని ఆరు అడెనోవైరస్‌ల జన్యుభాగాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, అటాడెనోవైరస్ అనే వర్గం సరీసృపాలలోనే పుట్టి ఉండవచ్చన్న భావనకు మరింత బలం చేకూర్చారు. కోళ్ళలో గుడ్ల దిగుబడి పడగొట్టే ఇ.డి.ఎస్. జబ్బు గురించి మన కోళ్ళఫారాలవారు వినే ఉంటారు. 1976లో గుర్తించిన ఆ జబ్బుకు కారణమైన వైరస్‌దీ ఇదే వర్గం. గడ్డం తొండలోని వైరస్ వేరు, అది కోళ్ళకు వస్తుందని అర్థం కాదు. కాని పైకి బాగున్న జంతువు జబ్బును మోయగలదన్న పాఠం రెండుచోట్లా పనికొస్తుంది.

చేతిపుస్తకం రాసేవారిని నేను కోరేది మూడు మాటలే. కొత్త జంతువును కనీసం మూడు నెలలు వేరుగా ఉంచమనండి. పరీక్ష ఒకటికి రెండుసార్లు చేయించమనండి. ఫలితం కాగితంతోపాటు జంతువును కూడా పశువైద్యునికి చూపించమనండి.