ఫెరారా గోడపై ద్రేక్కాణ పురుషుడు

గ్రహగణితమును శాస్త్రమనియు, యంత్రములను రక్షరేకులను మూఢవిశ్వాసమనియు విడదీసి చూచుట నేటివారికి పరిపాటి. పూర్వకాలపు పుస్తకములలో నీ విభాగము కానరాదు. గణితము, ఫలభాగము, మూర్తివర్ణనము ఒకే సంపుటమున పక్కపక్కనే యుండును. అట్టి గ్రంథములు దేశమునుండి దేశమునకు నడచిన త్రోవను పరిశోధించినవారిలో నిరువురు ముఖ్యులు: జర్మను పండితుడు ఆబీ వార్బుర్గ్, అమెరికను పండితుడు డేవిడ్ పింగ్రీ. వీరి కృషిలోని గుణదోషములను ఒక్క మూర్తిని ఆధారముగా గొని విచారింతము.

ద్రేక్కాణమనగా రాశియందు మూడవ పాలు, అనగా పది భాగలు. పండ్రెండు రాశులకు ద్రేక్కాణములు 36. మన జ్యోతిష్కుల నోట నిత్యము వినబడు నీ మాట సంస్కృతమున పుట్టినది కాదు. గ్రీకు పదమైన ‘దెకనోస్’ దీనికి మూలము. గ్రీకులకును ఈ భావము ఈజిప్టునుండి వచ్చినదే. అచ్చటివారు రాత్రివేళ కాలము నెఱుగుటకై 36 నక్షత్రసమూహములను గుర్తించి యుండిరి. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహజ్జాతకమునందు ఒక్కొక్క ద్రేక్కాణమునకు ఒక్కొక్క రూపము చెప్పెను. మేషమందలి మొదటివాడు నల్లనివాడు, ఎఱ్ఱకన్నులవాడు, నడుమున తెల్లని వస్త్రము చుట్టి గొడ్డలి యెత్తిన భీకరుడు.

ఇటలీ దేశమున ఫెరారా నగరమందలి స్కిఫనోయా సౌధములో 1470 ప్రాంతమున మాసముల చిత్రములను గోడలపై వ్రాయించిరి. అవి సున్నపు పూత క్రింద మఱుగుపడి 1840లో మరల వెలువడెను. మార్చిమాసపు చిత్రమున మేషముతోబాటు మూడు మూర్తులు గలవు. వానిలో నొకడు నల్లనివాడు, చినిగిన తెల్లని దుస్తులవాడు, నడుమున త్రాడు గట్టినవాడు. వీడెవడో పలువురకు బోధపడలేదు.

1912లో రోమునగరమున జరిగిన కళాచరిత్ర మహాసభలో వార్బుర్గ్ ఈ చిక్కు విప్పెను. 9వ శతాబ్దమున బాగ్దాదునందున్న అబూ మఅషర్ హిందువుల మతమని చెప్పి ఈ మూర్తులను అరబ్బీలో వర్ణించి యుండెను. ఆ విషయము హీబ్రూలోనికిని, 1273లో ఫ్రెంచిలోనికిని, 1293లో పియెట్రో దాబానోచే లాటినులోనికిని దిగినది. అబూ మఅషర్ వర్ణనమున గొడ్డలి జారిపోయినది. నడుమున త్రాడు చేరినది. ఫెరారా గోడపైనను గొడ్డలి లేదు, త్రాడున్నది! పోయిన గొడ్డలియే వచ్చిన త్రోవకు సాక్షి. ప్రతుల వంశమును నిర్ణయించువారు లేఖకుల మార్పులనే ఆధారముగా గొందురు. ఆ పద్ధతిని చిత్రమునకు ప్రయోగించుట వార్బుర్గ్ చూపిన గొప్ప నేర్పు.

కాని ఆయన యంతటితో నాగలేదు. ఆ మూర్తి గ్రీకువీరుడైన పెర్సియసే యనియు, ప్రాచ్యదేశముల వేషము పైపొర యనియు భావించెను. ఈ భాగము మనకు సమ్మతము కాదు. పేరు ఎరువు దెచ్చుకొన్నంతమాత్రమున రూపమంతయు ఎరువు సొమ్ము కానేరదు. వేషమే ముసుగైనచో, అబూ మఅషర్ హిందువుల మూర్తులను పారసీకుల మూర్తులనుండియు గ్రీకుల మూర్తులనుండియు వేఱుచేసి మూడు వరుసలుగా నేల చెప్పెను? ఎరువు తెచ్చినవారు దానికి క్రొత్త ప్రాణము పోసిరనియే చెప్పవలసి యున్నది.

పింగ్రీ ఈ త్రోవను ఇంకను వెనుకకు నడచెను. నేపాళమున దొరకిన శిథిలమైన తాటాకుప్రతి ముఖ్యాధారముగా యవనజాతకమును 1978లో రెండు సంపుటములుగా ప్రకటించెను. 149లో యవనేశ్వరుడు గ్రీకునుండి గద్యముగా తెనిగించిన చందమున సంస్కృతీకరించెననియు, 269లో స్ఫుజిధ్వజుడు దానిని పద్యముగా కూర్చెననియు నిర్ణయించెను. ఈ సంవత్సరములు పలు చరిత్రగ్రంథములలో స్థిరపడిపోయెను. అయితే అవి ప్రతిలో స్పష్టముగా నున్నవి కావు; పాఠమును సవరించి రాబట్టినవి. 2013లో బిల్ మాక్ మఱియొక నేపాళ ప్రతితో పోల్చి, ఆ సవరణలు నిలువవని చూపెను. ఆయన మతమున గ్రంథకాలము క్రీ. శ. 22 తరువాత, 7వ శతాబ్దమునకు ముందు అని మాత్రమే చెప్పదగును.

దీనిచే పింగ్రీ కృషి తగ్గిపోదు. సంస్కృత గణిత జ్యోతిష గ్రంథముల ప్రతులను ఆయన 1970 మొదలు 1994 వఱకు ఐదు సంపుటములలో పట్టికగా సమకూర్చెను. గ్రీకులదే శాస్త్రమను పక్షపాతమును 1992లో తానే ఖండించెను. జ్యోతిషమును మంత్రవిద్యను శాస్త్రచరిత్రనుండి వెలివేయరాదని వాదించెను. ఆయన లోపమొక్కటే: ఊహను నిశ్చయముగా వ్రాయుట. దానిని నమ్మి మరల ప్రతి తెఱచి చూడని చదువరులదియు అందు పాలున్నది.

ఈ విచారమున మనకును ప్రసక్తి గలదు. తెలుగు లిపిలో వ్రాసిన సంస్కృత తాళపత్రములు తంజావూరు సరస్వతీమహలునందును, చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునందును గలవు. ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా నివసించు కుటుంబముల యటుకలపై ఇట్టి కట్టలున్నచో, మంత్రముల పుస్తకమని భయపడి ఏటిలో కలుపరాదు. పనికిరాదని చెదలకు విడువరాదు. ఒక ప్రతి నేపాళమున మిగిలినందున ఒక గ్రంథము దక్కినది. రెండవది దొరకినందున దాని కాలము సరిదిద్దబడినది. మన కట్టలలో ఏ గొడ్డలి జారినదో, ఏ త్రాడు చేరినదో విప్పి చూచినగాని తెలియదు.