నూలు మనది, సాంచె ఎవరిది?

కృత్రిమ మేధ వచ్చి రచయితల, చిత్రకారుల ఉత్పాదకతను పెంచిందని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. పెంచలేదని నేననను. అయితే సిరిసిల్లకు ఈ మాట కొత్తది కాదు. చేమగ్గం పోయి మరమగ్గం, అంటే అక్కడివారి సాంచె, వచ్చినప్పుడు గుడ్డ ఎన్నోరెట్లు పెరిగింది. ఒక్క కార్మికుడే నాలుగు సాంచెలు, ఆపైన ఎనిమిది నడిపాడు. పన్నెండు గంటల పని మాత్రం తగ్గలేదు.

కోరుట్లలో శుభలేఖలు, ఫ్లెక్సీలు తయారుచేసే యువకుడు ఒకరు చెప్పింది కూడా ఇదే. రోజంతా పట్టే బొమ్మ ఇప్పుడు గంటలో అవుతుంది, ధర అంతకంటే వేగంగా పడింది. "మిషిన్ గీసినదానికి గన్ని పైసలా అంటున్నరు సార్" అన్నాడు. మిగిలిన గంటలు అతనికి దక్కలేదు. అవి మరో పది బొమ్మలకు పోయాయి.

సిరిసిల్లలో ఆసామికి సాంచెలు సొంతం, నూలు యజమానిది. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. మన కథలు, పాటలు, బొమ్మలు నూలుగా పోతున్నాయి. సాంచె ఎక్కడో ఉన్న కంపెనీలది. 2023లో అమెరికా సినిమా, టీవీ రచయితలు 148 రోజులు సమ్మె చేసి, యంత్రం రాసినదాన్ని సాహిత్య రచనగా లెక్కించరాదని ఒప్పందంలో రాయించుకున్నారు. వాళ్లకు సంఘం ఉంది. కోరుట్ల యువకునికి లేదు, మనమూ అతన్ని ఎన్నడూ కళాకారుడని పిలవలేదు.

కూలి ప్రశ్న ఒకటైతే శిల్పం ప్రశ్న మరొకటి. 2024లో అనిల్ దోషి, ఆలివర్ హౌజర్ జరిపిన ప్రయోగంలో యంత్రం సలహాతో రాసిన కథలు పాఠకులకు మెరుగ్గా తోచాయి; కానీ అవి ఒకదానికొకటి మరింత దగ్గరగా ఉన్నాయి. ఇందులో నాకు ఆశ్చర్యం లేదు. యంత్రం రాకముందే మనం ఆ పని మొదలుపెట్టాం.

1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నాటి పరిస్థితిపై ఒక పాట రాయమని యంత్రాన్ని అడిగాను. పిడికిళ్లు లేచాయి, తూర్పు ఎరుపెక్కింది, సూర్యుడు యథావిధిగా ఉదయించాడు. జీతగాడు లేడు, వెట్టి లేదు, దొర గడి లేదు, ఒక్క ఊరి పేరు లేదు. ఎవరు రాశారో చెప్పకుండా జగిత్యాలలోని కవిమిత్రునికి దాన్ని చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విని, అది తనదేననుకుని, ఏ సంచికలో వేసుకున్నామని అడిగాడు.