నిన్నెవరు మాట్లాడమన్నారు?

నా పెళ్ళయిన రెండో ఏడు మా ఆడపడుచుకి ఒక సంబంధం వచ్చింది. మామగారికి మోకాళ్ళ నొప్పులు. మావారికి సెలవు దొరకలేదు. "మన తరఫున నువ్వెళ్ళి చూసిరా" అన్నారు. సరేనని వెళ్ళాను. ఉప్మా, కాఫీలూ అయ్యాయి. కబుర్ల మధ్యలో, "పిల్ల డిగ్రీ పూర్తిచేశాకే కాపురానికి పంపుతామండీ" అన్నాను. వాళ్ళు సరేననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అందరూ ఒక్కసారిగా లేచారు. "నిన్ను చూసి రమ్మన్నాంగానీ మాట్లాడమన్నామా?" అని.

పోనీ, నోరు విప్పకుండా వచ్చి ఉంటే? "నోట్లో నాలుక లేనిదాన్ని పంపాం, మన ఖర్మ!" అనేవారే. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు.

2023 నవంబరులో రోజలిన్ కార్టర్ తన 96వ ఏట పోయారన్న వార్త చదివినప్పుడు, ఎందుకోగానీ నాకు ఆ ఉప్మా ప్లేటే గుర్తొచ్చింది. అమెరికా అధ్యక్షుడిగా చేసిన జిమ్మీ కార్టర్ గారి భార్య ఆవిడ. పోయాక అందరూ పొగిడారు. పోయినవాళ్ళను పొగడటానికి ఖర్చేముంది? బతికుండగా, 1977లో, ఆవిడ చేసిన ఒక ప్రయాణానికి మాత్రం ఎన్ని మాటలు పడ్డారో!

ఆ ఏడు మే నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా ఆవిడ ఏడు దేశాలు తిరిగారు. జమైకా, కోస్టారికా, ఈక్వడార్, పెరూ, బ్రెజిల్, కొలంబియా, వెనిజులా. పేరుకి సుహృద్భావ యాత్ర. అంటే మనవాళ్ళ లెక్కలో దండ వేయించుకోవడం, అనాథాశ్రమంలో పిల్లల బుగ్గలు నిమరడం, విందులో నవ్వుతూ కూర్చోవడం. ఈవిడ అలా చెయ్యలేదు. ముందుగా స్పానిష్ నేర్చుకున్నారు. విదేశాంగ శాఖ వాళ్ళను కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పించుకున్నారు. తీరా వెళ్ళాక దేశాధినేతల ఎదుట కూర్చుని మానవ హక్కుల గురించీ, ఆయుధాల గురించీ, వ్యాపారం గురించీ మాట్లాడారు. ఈక్వడార్ కి ఇజ్రాయిల్ యుద్ధ విమానాలు అమ్మబోతుంటే అమెరికా అడ్డుపడింది. ఆ అలక తీర్చే పని కూడా ఈవిడ నెత్తినే పడింది. అప్పుడు బ్రెజిల్ సైన్యం చేతిలో ఉంది. అక్కడి జైల్లో హింస పడి వచ్చిన ఇద్దరు అమెరికన్ మిషనరీలను కలుసుకుని, వాళ్ళ మాట మా ఆయనకు చెబుతానన్నారు.

ఇంకేముంది, గుప్పుమంది. ఈవిడకి ఎవరు ఓటేశారు? ఏ పదవిలో ఉందని దేశం తరఫున మాట్లాడుతోంది? లాటిన్ అమెరికా మగవాళ్ళు ఒక ఆడమనిషితో రాజకీయాలు చర్చిస్తారా? దారి పొడుగునా విలేకరులు ఇవే అడిగారు. ఇంటిదగ్గర పేపర్లూ ఇవే రాశాయి.

ఇక్కడ నేను ఆడదాన్ని గనక ఆవిడ పక్షమే మాట్లాడతానని మీరు అనుకోవచ్చు. కానీ నిజం చెప్పాలి. మొదటి ప్రశ్న తప్పు ప్రశ్న కాదు. ఓటు అడగని మనిషి, పార్లమెంటుకి జవాబు చెప్పనక్కర్లేని మనిషి, దేశం పేరు మీద మాట ఇచ్చి వస్తే, రేపు ఆ మాట తప్పితే ఎవర్ని నిలదీస్తాం? మంత్రినైతే దింపుతాం. భార్యను దింపుతామా? ఆ రోజుల్లో ఈ ప్రశ్న గట్టిగా వేసినవారిలో ఒక పేరున్న మహిళా కాలమిస్టు కూడా ఉన్నారు. పని చేస్తే చెయ్యనివ్వండి, కానీ ఆ పనికి జవాబుదారీ కూడా ఉండాలన్నది ఆవిడ వాదన. కాదనడానికి నాకు నోరు రాలేదు.

నా పేచీ ప్రశ్నతో కాదు. ఆ ప్రశ్నను ఎప్పుడు బయటికి తీస్తారు, ఎప్పుడు బీరువాలో పెడతారు అన్న దానితో.

1941 జనవరిలో రూజ్వెల్టు తన స్నేహితుడు హ్యారీ హాప్కిన్స్ ని లండన్ పంపాడు. యుద్ధం నడుస్తోంది. చర్చిల్ తో మాట్లాడి రావాలి. హాప్కిన్స్ అప్పటికి మంత్రి పదవి వదులుకున్నాడు. ఎవరూ ఓటెయ్యలేదు. పైగా వైట్‌హౌస్ లోనే ఒక గదిలో కాపురం! ఆయనకీ విరోధులు లేకపోలేదు గానీ, చరిత్ర పుస్తకాలు మాత్రం ఆయన్ని అధ్యక్షుడి ఆంతరంగిక దూత అని గౌరవంగా రాస్తాయి. అదే ఇంట్లో, అదే అధ్యక్షుడి భార్య ఎలినార్, 1943లో రెడ్ క్రాస్ యూనిఫారం వేసుకుని పసిఫిక్ దీవుల్లో సైనికులను చూడ్డానికి వెళ్ళింది. యుద్ధకాలంలో పెట్రోలు దండగ, విమానం దండగ అన్నారు. ఆవిడ వస్తోందంటే అక్కడి అడ్మిరల్ హాల్సీయే మొదట విసుక్కున్నాడు. తీరా ఆవిడ ఆస్పత్రి వార్డుల్లో మంచం మంచం దగ్గరా ఆగి, ఒక్కొక్క కుర్రాడి పేరు అడిగి, వాళ్ళ అమ్మలకు కబురు మోసుకెళ్తానంటుంటే చూసి, తన అభిప్రాయం తప్పని ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకున్న మగవాడు కనక ఆయన పేరు ఇక్కడ రాశాను.

ఇక మన దేశం వచ్చినావిడ సంగతి. 1962 మార్చిలో జాక్విలిన్ కెన్నెడీ ఇండియా వచ్చినప్పుడు మా అమ్మకి పన్నెండేళ్ళు. జైపూర్ దగ్గర అంబర్ కోటలో ఏనుగెక్కడం, ఉదయపూర్ లో పడవ ఎక్కడం, తాజ్‌మహల్ ముందు నిలబడటం, అన్నీ పేపర్లో బొమ్మలుగా చూసిందట. "ఏం మాట్లాడిందమ్మా?" అని అడిగితే మా అమ్మ ఆలోచించి, "ఏమో మరి, గౌన్లు మటుకు భలే ఉండేవి" అంది. మా అమ్మ తప్పేం లేదు. పేపర్ల వాళ్ళు ఆవిడ గౌన్లే లెక్కపెట్టారు. ఒక్కో దేశానికి ఎన్ని, ఏ రంగు, ఎవరు కుట్టారు అని. పాపం, గౌను వేసుకోకుండా రాలేదుగా ఆవిడ!

మాట్లాడితే పెత్తనం. మాట్లాడకపోతే షోకు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రోజలిన్ కథలోనే ఇంకో ముక్క ఉంది. 1979 నవంబరులో ఆవిడ థాయిలాండ్ వెళ్ళారు. కంబోడియా నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు అక్కడ శిబిరాల్లో మట్టినేల మీద పడి ఉన్నారు. వాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూర్చున్నారు, జబ్బుపడ్డ పసిపిల్లను చేతుల్లోకి తీసుకున్నారు. ఇంటికి తిరిగి వెళ్ళి సహాయం కోసం అందర్నీ కదిలించారు. దానికి దేశమంతా హర్షించింది. రెండేళ్ళ కిందటి రభస మళ్ళీ వినపడలేదు. అప్పుడు మాత్రం ఆవిడకి ఎవరు ఓటేశారట?

అక్కడే పట్టుబడిపోయింది అసలు సంగతి. బిడ్డను ఎత్తుకుంటే చప్పట్లు. యుద్ధ విమానాల మాట ఎత్తితే సంజాయిషీ. ఓటు లేకపోవడం రెండుచోట్లా ఒకటే. మారింది మాట్లాడిన విషయం.

నన్నడిగితే లెక్క రెండు ముక్కల్లో తేలిపోతుంది. పంపినవాడు ఎవడో వాడే జవాబు చెప్పాలి. ఏం మాట్లాడమని పంపాడు, ఎంత ఖర్చయింది, ఏం తెచ్చింది అన్నది జనం ముందు పెట్టాలి. కార్టర్ గారు ఆవిడను నా మాటగా వెళ్ళమన్నారు. నచ్చకపోతే ఆయన్ని నిలదీయొచ్చు, 1980 ఎన్నికల్లో దింపొచ్చు, దింపారు కూడా. ఇక వెళ్ళినావిడను అడగాల్సింది వేరే. పని వచ్చా, రాదా? పాఠం చదువుకుని వెళ్ళిందా, లేదా? ఆ పరీక్షలో ఆవిడ పాసయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే పగిలేది దుత్తేగానీ అత్తకేం కాదు.

అలాగని భార్యలందరికీ వకాల్తా పుచ్చుకోవడం లేదు నేను. మొగుడి పదవిని వడ్డాణంలా పెట్టుకుని, జనం డబ్బుతో షికారు చేసి, దానికి సుహృద్భావమని పేరు పెట్టేవాళ్ళు ఏ దేశంలోనైనా ఉంటారు. వాళ్ళను అడగాల్సిందే. అయితే అడిగేది బిల్లు గురించి అడగండి. చీర గురించి కాదు.

మా ఆడపడుచు సంగతి చెప్పలేదు కదూ. ఆ సంబంధం కుదిరింది. పిల్ల డిగ్రీ పూర్తిచేసింది, తర్వాత బి.ఇడి. కూడా చేసి ఇప్పుడు హైస్కూల్లో టీచరు. మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు మావారు పిల్లల ముందు గర్వంగా చెబుతున్నారు. "అత్త చదువు ఆగకూడదని ఆ రోజు మేం ముందే షరతు పెట్టాంరా!" అని.

నేను గారెలు వేయిస్తూ విన్నాను. ఈసారి మాత్రం నన్నెవరూ మాట్లాడమనలేదు, నేనూ మాట్లాడలేదు. మా ఆడపడుచు వంటింట్లోకొచ్చి నా చేతిలో చట్రం తీసుకుని, "నువ్వెళ్ళి కూర్చో వదినా" అంది.