నీలిరంగు పట్టే కన్ను
హైదరాబాద్ శివారులోని కొంపల్లి మీదుగా ఉత్తరానికి సాగే 44వ నంబరు జాతీయ రహదారి నిర్మల్‌కు చేరుతుంది. ఒకప్పుడు నిజాం సైన్యానికి ఫిరంగులు పోసిన ఊరది. ఫిరంగిది పోత పని. ఆ కాలపు చెకుముకి పిస్తోలుకు నకలు చేయాలంటే మాత్రం కమ్మరి, వడ్రంగి ఒకే మనిషిలో ఉండాలి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ పిస్తోలు స్ప్రింగు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, కానీ పెళుసు. మళ్లీ మెల్లగా వేడిచేసి, నీలిరంగు తిరిగిన క్షణాన ఆపాలి. ముందే ఆపితే విరుగుతుంది, ఆలస్యమైతే బిగువు పోతుంది. చెకుముకి రాయి తగిలే ఉక్కు పలక మాత్రం గట్టిగానే ఉండాలి. రాయి గీరిన ఉక్కు రజనే నిప్పురవ్వలై రాలుతుంది. స్ప్రింగుకు తిరిగే ఆ నీలిరంగును కంటితో పట్టే పనివాడికి చేతులెత్తి మొక్కాలి.

అయితే నకలు పిస్తోలు గొట్టం గుండు పేల్చలేనిదై ఉండాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ చేయడం నేరం.