పావు అంగుళం పట్టుదల

కుట్టు నేర్పే పుస్తకాలు తెలుగులో లేకపోలేదు. జాకెట్టు, లంగా, పంజాబీ డ్రెస్సు, చిన్నపిల్లల గౌను ఎలా కత్తిరించాలో చెప్పేవి ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకుని పని నేర్చి ఇల్లు నిలబెట్టుకున్న ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ జాకెట్టు కత్తిరించాక కింద పడ్డ ముక్కల్ని ఏరి, మిషను మీద వంకర లేకుండా అతికి, వాటితో నిండు దుప్పటి ఎలా తయారు చేయాలో మొదటి మెట్టు నుంచి చెప్పిన పుస్తకం నా చేతికి రావడం ఇదే మొదలు. ముందుమాట రాయమని రచయిత్రి అడిగినప్పుడు మర్యాద కోసం ఒప్పుకోలేదు. రాతప్రతి ఆసాంతం చదివి, అందులోని కొన్ని పద్ధతులు మిషను మీద చేసి చూసి, మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను.

బొంత మనకు కొత్తది కాదు. పాత నేత చీరలు, పంచెలు నాలుగైదు పొరలు పరిచి, అంచులు మడిచి, దూరపు కుట్లతో నింపిన బొంత మీద పడుకోని పసిబిడ్డ మన ఊళ్ళలో ఒకప్పుడు లేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు బిడ్డ ఒంటికి ఒరుసుకోదు, చెమట పీల్చుకుంటుంది. ఇదే విద్య బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని, మహారాష్ట్రలో గోధడీ, సింధులో రల్లీ అయింది. ఉత్తర కర్ణాటకలోని సిద్ది స్త్రీలు కవంది కుట్టేటప్పుడు అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతారు. చివర నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న ముక్కల పూలు పెడితే తప్ప వారి పని పూర్తికాదు.

అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలం పనిలో చిరిగిన ప్యాంట్లు, చొక్కాలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్‌లోనూ, న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ గోడలకు కట్టి ప్రదర్శించారు. 2006లో ఆ బొంతల బొమ్మలతో తపాలా బిళ్ళలు వచ్చాయి. చలికి కప్పుకోవడానికి కుట్టిన గుడ్డలో ఎంత కళ ఉందో లోకం ఆలస్యంగానైనా ఒప్పుకుంది. మన బొంతను మాత్రం మనమే అటక ఎక్కించాం.

అలా ఎందుకైందో ఆలోచిస్తే ఒక కారణం కనిపిస్తుంది. బొంత కుట్టడం పక్కన కూర్చుని నేర్చుకునే పని. అమ్మమ్మ కుడుతూ ఉంటే మనవరాలు సూదిలో దారం ఎక్కించి ఇస్తూ నేర్చేది. ఎవరూ నోటితో పాఠం చెప్పలేదు, ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పుడు అమ్మమ్మ ఒక ఊళ్ళో, మనవరాలు ఇంకో ఊళ్ళో. ఇంట్లో మిషను ఉంది, సంచి నిండా ముక్కలున్నాయి, పక్కన కూర్చునే మనిషి లేదు. ఆ మనిషి చోటును ఈ పుస్తకం భర్తీ చేయబోయింది. చాలావరకు చేసింది కూడా.

పుస్తకంలో మూడో వంతు పేజీలు ఒక్క తిన్నని కుట్టుకే కేటాయించారు. తొందరపడే పాఠకులకు ఇది విసుగనిపించవచ్చు. నాకు మాత్రం రచయిత్రి మీద నమ్మకం కుదిరింది ఇక్కడే. జాకెట్టు కుట్టేటప్పుడు లోపల మార్జిన్ వదులుతాం, బిగుతైతే విప్పి సర్దుతాం. అతుకుల పనిలో ఆ వెసులుబాటు లేదు. అన్ని కుట్లూ అంచు నుంచి పావు అంగుళం లోపలికి పడాలి, అంతే.

రచయిత్రి చూపించిన లెక్క చూడండి. వరుసలో తొమ్మిది ముక్కలుంటే ఎనిమిది కుట్లు వస్తాయి. కుట్టు అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగితే, అటు ముక్కా ఇటు ముక్కా అంతంత కోల్పోయి, కుట్టుకు ఎనిమిదో వంతు తగ్గుతుంది. ఎనిమిది కుట్లు పూర్తయ్యేసరికి అంగుళం నిండా పోతుంది. పక్క వరుస సరిగ్గా వచ్చి ఉంటే ఆ రెండూ ఇక కలవవు. లాగి కలిపితే దుప్పటి మధ్యలో ఉబ్బుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తమ చేతిలో కళ లేదని బాధపడి మానేసేది సరిగ్గా ఈ చోటే. లోపం కళది కాదు, కొలతది. కొలత ఎవరైనా నేర్చుకోవచ్చు.

అందుకు ఇచ్చిన పరీక్ష నాకెంతో నచ్చింది. ఒకటిన్నర అంగుళాల వెడల్పున మూడు పట్టీలు కత్తిరించి, పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి కొలవాలి. నడిమి పట్టీ సరిగ్గా అంగుళం రావాలి. తక్కువ వస్తే కుట్టు లోపలికి పడుతోందని, ఎక్కువ వస్తే అంచుకు జరిగిందని అర్థం. గుడ్డ మడత పడే చోట కూడా ఒకటి రెండు నూలుపోగుల మందం పోతుంది కాబట్టి పావు అంగుళానికి వెంట్రుకవాసి తక్కువగా కుట్టమని చెప్పారు. సూది దిగే చోటు నుంచి స్కేలుతో కొలిచి, మిషను పలక మీద రంగు టేపు అంటించుకుంటే గుడ్డ అంచు దాని వెంట నడుస్తుంది. ఖర్చు లేని ఉపాయం.

మన ఇళ్ళలో ఉండే నల్ల కాలిమిషను ఈ పనికి చాలదనుకునేవాళ్ళు ఈ పుస్తకం చదివి ధైర్యం తెచ్చుకుంటారు. నిజానికి తిన్నని కుట్టు ఒక్కటే వేసే మిషను అతుకులకు ఎంతో అనువు. దాని పలకలో సూదికి ఉండేది ఒక్క చిన్న రంధ్రమే. జిగ్‌జాగ్ మిషను పలకలోని వెడల్పు సందులోకి లాగేసుకున్నట్టు ఇది ముక్క మూలల్ని లోపలికి లాగదు. కింద దారం ఉండలు కడితే అందరూ బాబిన్‌ను అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు పైదారానిది. పాదం ఎత్తి ఉంచి దారం ఎక్కిస్తేనే అది టెన్షన్ బిళ్ళల మధ్య కుదురుకుంటుంది. మామూలు నూలు గుడ్డకు 14 నంబరు సూది, పలచని గుడ్డకు 11. అతుకులకు అంగుళానికి పది పన్నెండు కుట్లు, పొరలు కలిపి కుట్టేటప్పుడు ఎనిమిది. ఇలాంటి వివరాలు చదువుతుంటే పక్కన నిలబడి చెబుతున్నట్టే ఉంటుంది.

పనిముట్ల విషయంలో రచయిత్రి నిజాయితీ మెచ్చదగ్గది. జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో తెచ్చిన రోటరీ కట్టర్ ఈ పని వేగాన్నే మార్చేసింది. చక్రంలా తిరిగే ఆ బ్లేడుతో నాలుగైదు పొరలు ఒకేసారి తిన్నగా తెగుతాయి. దాని కింద పరిచే చాపను, పారదర్శకమైన స్కేలును, పని ఆపిన ప్రతిసారీ బ్లేడు మూయాల్సిన జాగ్రత్తను వివరంగా చెప్పారు. అవి కొనలేనివాళ్ళను గుమ్మం బయట నిలబెట్టలేదు. గట్టి అట్టను కొలతకు కోసి, సుద్దతో గీసి, పదునైన కత్తెరతో కత్తిరించే పద్ధతిని అంతే గౌరవంగా, అన్నే బొమ్మలతో ఇచ్చారు.

గుడ్డల అధ్యాయం ఈ పుస్తకాన్ని మనదిగా చేసింది. మంగళగిరి నూలు గట్టిగా నిలబడి కత్తెరకు లొంగుతుంది. పోచంపల్లి ఇక్కత్ ముక్కను ఏ దిక్కున కోస్తే నేతలోని బొమ్మ బతుకుతుందో ముందే చూసుకోవాలి. పెడన కలంకారీని తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందో లేదో చూడాలి. వదులు నేత చేనేత ముక్కల అంచులు పోగులూడతాయి గనుక కుట్టు దగ్గర చేసుకోవాలి. కొత్త నూలుగుడ్డను ఉతికి ఆరేశాకే కత్తిరించాలి, లేకపోతే దుప్పటి మొదటి ఉతుకుకే అక్కడక్కడ కుంచించుకుపోతుంది. బాగా నలిగిన చీర ముక్కను కొత్త గట్టి గుడ్డ పక్కన పెడితే పాతది ముందు చిరుగుతుంది కాబట్టి వయసు కలిసిన గుడ్డల్నే జతచేయమన్నారు. ఇది అనుభవం ఉన్న చేయి మాత్రమే చెప్పగల మాట.

ఇస్త్రీని పాఠంగా చెప్పడం మరో విశేషం. పెట్టెను గుడ్డ మీద ఈడిస్తే ముక్క సాగుతుంది, అందుకే ఎత్తి ఒత్తాలి. మొదటి వరుస కుట్లను ఒక పక్కకు, తర్వాతి వరుసవి ఎదురు పక్కకు మడిస్తే, రెండు వరుసలు కలిపేటప్పుడు కుట్టుకు కుట్టు ఎదురొచ్చి మూలలు చక్కగా కూర్చుంటాయి. జతల్ని దారం తెంపకుండా ఒకదాని వెంట ఒకటి మిషనులోకి పంపితే మామిడాకుల తోరణంలా బయటికొస్తాయి. దారమూ సమయమూ రెండూ మిగులుతాయి.

ఇక పై పొర, నడిమి దూది, అడుగు పొర కలిపి కుట్టడం. కొత్తవాళ్ళు భయపడేది దీనికే. అరచేతి వెడల్పుకొక పిన్నీసు పెట్టి, మధ్య నుంచి అంచులకు కుట్టుకుంటూ పోతే పొరలు జరగవు. పై పొరను కూడా పళ్ళతో నడిపించే వాకింగ్ ఫుట్ ఉంటే మేలు. లేకపోతే పాదం ఒత్తిడి తగ్గించి, నెమ్మదిగా తొక్కమన్నారు. పెద్ద దుప్పటితో కాకుండా ఊయలకు సరిపడే చిన్న బొంతతో మొదలుపెట్టించడం తెలివైన పని. పూర్తయిన చిన్న పని ఇచ్చే ధైర్యం సగంలో ఆగిన పెద్ద పని ఇవ్వదు.

ఒక చిన్న సూచన. మలిముద్రణలో ఇళ్ళలో ఉన్న పాత బొంతలను బాగుచేసుకునే పద్ధతి మీద ఒక అధ్యాయం చేరిస్తే బాగుంటుంది. చిరిగిన చోట పైముక్క ఎలా వేయాలి, నలిగిన అంచును కొత్త పట్టీతో ఎలా కట్టాలి అన్నది అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది చెప్పగల శక్తి ఈ రచయిత్రికి ఉందని ఈ పేజీలే సాక్ష్యం.

పాఠకులకు నా మాట ఒక్కటే. ఈ పుస్తకాన్ని చదివి పక్కన పెట్టకండి, మిషను పక్కన పెట్టుకోండి. మూడు పట్టీల పరీక్ష నెగ్గేదాకా రెండో అధ్యాయం దాటకండి. ఆ తర్వాత తొమ్మిది ముక్కల చదరం కుట్టండి. రెండున్నర అంగుళాల ముక్కలతో మొదలుపెడితే అది ఆరున్నర అంగుళాలు రావాలి. అది వచ్చిన రోజున మిగతా పుస్తకమంతా మీకు లొంగినట్టే. నేర్చుకున్నాక మీరొక్కరే ఉంచుకోకుండా ఇంట్లో ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి, ఆడపిల్లైనా మగపిల్లవాడైనా.

తాను నేర్చిన విద్యను దాచుకోకుండా, కొలతతో సహా అక్షరాల్లో పెట్టిన ఈ అమ్మాయిని మనసారా అభినందిస్తున్నాను. ఆమె చేయి చల్లగా ఉండాలని, ఆమె కలం నుంచి ఇలాంటి పుస్తకాలు మరిన్ని రావాలని ఆశీర్వదిస్తున్నాను.