పైసెగ పనితనం

అవకాడోలో గుడ్డు పెట్టి కాల్చడం చూడ్డానికి పిల్లలు కూడా చేసేసే పని. పండుని రెండు చెక్కలు చేసి, గింజ తీసిన గుంటలో గుడ్డు కొట్టి, పావుగంట ఓవెన్‌లో పెడితే సరి. ఇంతేగా అనుకుని దిగినవాళ్లకి సాధారణంగా దక్కేది పైన తోలు కట్టిన పచ్చసొన, అడుగున జిగురుగా జారే తెల్లసొన, చేదెక్కిన పండు. నర్సీపట్నంలో మా వదిన చేతి చెక్కలో ఈ మూడూ కనబడవు. ఆవిడ చేసేవన్నీ చిన్న పనులే, కానీ ఒక్కటీ ఊరికే చెయ్యదు.

నర్సీపట్నం అంటే ఏజెన్సీకి గుమ్మం. ఊరు దాటితే ఘాట్ రోడ్డు, పైన లంబసింగి చలి, ఆపైన చింతపల్లి కాఫీ తోటలు. సీతాఫలాలు, పనసకాయలు కొండ మీంచి దిగే ఊళ్లో అవకాడో మాత్రం కొత్త చుట్టమే. విశాఖ నుంచి వచ్చేవాళ్లెవరైనా తెస్తే వంటింట్లోకి వస్తుంది. కొడగు, వయనాడు కాఫీ తోటల వాళ్లకిది పెరటి చెట్టు. మనవైపు బటర్‌ఫ్రూట్ జ్యూస్‌గా పరిచయమైంది ఎక్కువమందికి.

ఈ పండు చెట్టు మీద ముగ్గదు, కోశాకే మెత్తబడుతుంది. అందుకే గట్టికాయ చేతికొస్తే వదిన దాన్ని బియ్యం డబ్బాలో అరటిపండు పక్కన పడుకోబెడుతుంది. అరటిపండు విడిచే ఇథిలీన్ వాయువు పక్క కాయని కూడా ముగ్గబెడుతుంది. ఆత్రపడి మూత తీస్తే, "తొందరేటి బాబూ, ఇంకా రెండ్రోజులాగాలి" అంటుంది. తొడిమ దగ్గర బొటనవేలి మెత్తతో నొక్కి చూస్తుంది. వేలికి లొంగాలి గానీ గుంట పడకూడదు. ఉత్తినే తినడానికైతే ఇంకో రోజు ఆగొచ్చు. కాల్చడానికి ఈ కాస్త బిగువు కావాలి, సెగ తగిలాక ఎలాగూ మెత్తబడుతుంది కాబట్టి.

గుంట చూసి గుడ్డు ఎంచుకుంటుంది. మనదేశపు పచ్చతోలు అవకాడోల్లో చాలావాటికి గింజ పెద్దది, గుంట దానంతటదే లోతుగా ఉంటుంది. బయటి దేశాల నుంచి వచ్చే నల్లతోలు హాస్ రకానికి గింజ చిన్నది, చెంచాతో కొంత గుజ్జు తియ్యక తప్పదు. ఎంత తీసినా అంచు పలచబడకుండా చూసుకోవాలి. ఫారం గుడ్డు యాభై గ్రాములు దాటుతుంది, గుంటలో పట్టక తెల్లసొన ట్రే పాలవుతుంది. అందుకని నాటుకోడి గుడ్డే వాడుతుంది. దాన్ని కూడా నేరుగా పండు మీద కొట్టదు. ముందు టీ వడకట్టే జల్లిలోకి వదులుతుంది. నీళ్లలాంటి పలచటి తెల్లసొన కిందికి జారిపోతుంది, చిక్కటిది పచ్చసొన చుట్టూ నిలుస్తుంది. గుడ్డు పాతదయ్యేకొద్దీ ఆ పలచటి భాగం పెరుగుతుంది కాబట్టి గుడ్డు వయసు కూడా జల్లిలోనే బయటపడుతుంది. ఈ ఒక్క పనితో పొంగిపొర్లడం అనే బాధ తీరిపోయింది.

ఇక అసలు విద్య సెగది. అవకాడో గుజ్జు మందంగా, కొవ్వుతో నిండి ఉంటుంది. కింది వేడి దాన్ని దాటి గుడ్డు దాకా రావడానికి చాలాసేపు పడుతుంది. పండుకి ఆనుకున్న అడుగు తెల్లసొన అన్నిటికంటే ఆఖర్న ఉడికేది అందుకే. అది ఉడకాలని ఎక్కువసేపు ఉంచితే పండు చేదెక్కుతుంది. ఈ చిక్కుని వదిన రెండు వైపుల నుంచి విప్పుతుంది. చెక్కలకి నిమ్మరసం, ఉప్పు రాసి, ట్రేలో పరిచిన కళ్లుప్పు మీద ఒరగకుండా కుదురుగా కూర్చోబెట్టి, గుడ్డు లేకుండానే నాలుగైదు నిమిషాలు ఓవెన్‌లో పెడుతుంది. గుంట వెచ్చబడ్డాకే గుడ్డు లోపలికి జారుతుంది. దాంతో అడుగు తెల్లసొనకి ముందే ఊతం దొరికినట్టయింది. ఆ తర్వాత 200 డిగ్రీల దగ్గర పదీ పన్నెండు నిమిషాలు, చివర్లో పై రాడ్ ఒక్కటే.

ఈ పైసెగ రహస్యం ఆవిడకి ఓవెన్ చెప్పలేదు. దిబ్బరొట్టె చెప్పింది. మందపాటి గిన్నెలో మినపపిండి పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి కాల్చిన ఇళ్లలో పెరిగిన మనిషికి ఏ వేళ ఏ వైపు నిప్పు తగ్గించాలో ఒకరు చెప్పక్కర్లేదు. ఓవెన్ వంట మనది కాదనేవాళ్లు ఆ రొట్టెని మర్చిపోయారనుకోవాలి.

తెల్లసొన అరవై డిగ్రీలు దాటగానే గట్టిపడడం మొదలెడుతుంది, పచ్చసొనకి ఇంకాస్త వేడి కావాలి. ఆ కాస్త తేడాలోనే ఈ పలహారం రుచి ఉంది. వదిన గడియారం చూడదు. ట్రేని కొద్దిగా కదుపుతుంది. అంచు కదలకుండా, నడుమ మాత్రం వణుకుతుంటే తీసేస్తుంది. మిగిలిన పని పండులో దాగిన వేడే పూర్తిచేస్తుంది. పచ్చసొన మీద ముందే వేసిన నేతిచుక్క దాన్ని తోలు కట్టనివ్వదు.

పైన చింతపల్లి మిరియాలు కచ్చాపచ్చాగా దంచి చల్లుతుంది, అంతే. ఛీజ్ తురిమేవాళ్లతో నాకు పేచీ ఉంది. కొవ్వున్న పండు మీద కొవ్వున్న సొన, దానిమీద ఇంకో కొవ్వు దేనికి? కరివేపాకు కారం మాత్రం చిటికెడు ఒప్పుకుంటాను. గుంటలోంచి తీసిన గుజ్జు కూడా వదిన పారేయదు. పచ్చిమిర్చి, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి నలిపితే పెసరట్టులోకి బాగుంటుంది.

దీనికున్న లోపం ఒక్కటే, ఎవరి కోసమూ ఆగదు. చల్లారాక మళ్లీ వేడి చేస్తే పండు చేదు, సొన రబ్బరు. అందుకని ఇంట్లో ఎంతమంది లేచారో లెక్క చూసుకుని అన్ని చెక్కలే పెడుతుంది వదిన. ఆలస్యంగా లేచినవాళ్లకి ఇడ్లీ.